రాసినవాడి పేరు అక్కర్లేదు

(తెనాలిలో జరిగిన స్మారక సభలో చేసిన ప్రసంగానికి అచ్చు ప్రతి. సభలో టైము చాలక వదిలేసిన రెండు మూడు సంగతులు ఇక్కడ చేర్చాను.)



స్మారకోపన్యాసానికి ఒక ఆనవాయితీ ఉంది. పోయినవారి గురించి ఐదు నిమిషాలు చెప్పి, మిగతా గంటా వక్త తన విషయం తాను మాట్లాడుకుంటాడు. నాకు ఆ రెండూ విడదీయడం చేతకావడం లేదు. ఎన్నికల రోజుల్లో రచయిత బతుకు ఎలా ఉంటుందో చెప్పమన్నారు. ఆ రోజుల గురించి నాకు తెలిసిందంతా మాస్టారి పక్కన బల్ల మీద కూర్చుని తెలుసుకున్నదే. ఆయన పేరు మీ చేతిలో ఆహ్వాన పత్రం మీద ఉంది, నా వెనక బ్యానరు మీద ఉంది. నేను మాత్రం ఎప్పుడూ ‘మాస్టారూ’ అనే పిలిచాను. ఇవాళా అంతే.

చిత్రమేమిటంటే ఆయన బడిలో చెప్పింది నాలుగేళ్లే, అదీ ఒక ప్రైవేటు బడిలో. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ల పైచిలుకు ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. అయినా మాస్టారు అన్న పిలుపు పోలేదు.

నేను మొదటిసారి ఆయన్ని చూసింది 1982 డిసెంబరులో. డిగ్రీ చదువుతున్నాను. 1983 జనవరి 5న పోలింగు. తెలుగుదేశం పుట్టి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఎన్టీ రామారావు గారు పాత షెవర్లే వ్యానుని చైతన్యరథం చేసుకుని ఊరూరా తిరుగుతున్నారు. మా బాబాయి ఆ పార్టీ కాదు, అవతలి పార్టీ. నా చేతిలో ఒక కాగితం పెట్టి, “ప్రెస్సులో ఇచ్చి రా, రేపు పొద్దునకి 5 వేలు కావాలని చెప్పు” అన్నాడు. వెళ్లేసరికి రాత్రి పది దాటింది. ట్రెడిల్ మిషను టకటకా కొట్టుకుంటోంది. గుమ్మం దగ్గర మూడు పార్టీల మనుషులు ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే టీ కెటిల్ నుంచి టీలు తాగుతున్నారు. లోపల అక్షరాల కేసు ముందు నిలబడిన కంపోజిటరు అరిచాడు: “మాస్టారూ, ఓ అయిపోయింది!”

నాకు అర్థం కాలేదు. అయిపోయింది సీసపు అచ్చు, ‘ఓ’ అనే అక్షరం. కేసులో ఒక్కో అక్షరం ఎన్ని ఉండాలో వాడకాన్ని బట్టి పోసేవారు. మామూలు తెలుగులో అచ్చు ‘ఓ’ అవసరం తక్కువ కాబట్టి ఆ గడిలో ఉండేవీ తక్కువే. ఎన్నికలు రాగానే ప్రతి కరపత్రంలో పది చోట్ల ఓటు, ఓటరు మహాశయులు. రెండు కరపత్రాలు కంపోజు అయ్యేసరికి గడి ఖాళీ. మాస్టారు నా చేతిలో కాగితం లాక్కుని, నిలబడే చదివి, ఎర్ర పెన్సిలుతో కొట్టేయడం మొదలుపెట్టారు. పైన పెద్దక్షరాల్లో ఒక్క ‘ఓటు’ మిగిల్చారు. కింద ఉన్నవాటిని ఒక చోట ‘మీ తీర్పు’ చేశారు, ఒక చోట ‘మీ ముద్ర’ చేశారు, ఇంకో చోట వాక్యాన్నే తిప్పి ‘గెలిపించండి’తో సరిపెట్టారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మా బాబాయి రాయించిన కాగితం కన్నా అది ఎంతో బాగుంది. తెలుగు శైలి గురించి తర్వాత చాలా పుస్తకాలు చదివాను. అక్షరాలు చాలకపోవడం వల్ల శైలి బాగుపడుతుందని ఏ పుస్తకంలోనూ లేదు.

‘గెలిపించ ప్రార్థన’ అన్న ముగింపు మీరందరూ చూసే ఉంటారు. అది ఏ వ్యాకరణమో చెప్పమని ఒకసారి మాస్టారిని అడిగాను. “చివరి పంక్తిలో చోటు చాలని వ్యాకరణం” అన్నారు.

ఇక అసలు సంగతి. ఎన్నికల కరపత్రం కింద సన్నటి అక్షరాల్లో రెండు పేర్లుంటాయి, గమనించారా? ముద్రించినవారు ఎవరు, ప్రచురించినవారు ఎవరు. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127-ఎ అనే సెక్షను అలా వేసి తీరాలంటుంది. వేయకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా 2 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రచురించేవాడు తానెవరో రాసిన కాగితం మీద సంతకం పెట్టి, ఇద్దరు ఎరిగినవాళ్లతో ధ్రువీకరణ చేయించి ప్రెస్సులో ఇవ్వాలి. అచ్చయ్యాక ఆ కాగితమూ, కరపత్రం ప్రతీ ప్రెస్సువాళ్లు అధికారులకి పంపాలి. ఇంత కట్టుదిట్టమైన సెక్షనులో రాసినవాడి ప్రస్తావన లేదు. మాస్టారు ఆ సెక్షనుని తన మేనమామ కూతురి పెళ్లి శుభలేఖలాగా కంఠతా పట్టారు. అందులో ఆయనకి మహా ఇష్టమైన ముక్క ఇంకొకటి ఉంది: నకళ్లు ఏ పద్ధతిలో తీసినా ముద్రణ కిందే లెక్క, చేత్తో రాసినవి తప్ప. “చూశావటోయ్, చేత్తో రాసేవాణ్ణి చట్టం కూడా లెక్కలోకి తీసుకోలేదు” అని నవ్వేవారు.

ఆయన ఎవరికి పడితే వాళ్లకి రాసేవారన్నది ఈ ఊళ్లో రహస్యమేం కాదు. ఒక పంచాయతీ ఎన్నికల్లో ఒకే ఊరి నుంచి సర్పంచి పదవికి నిలబడ్డ ఇద్దరూ ఒకే వారంలో వచ్చారు. ఇద్దరికీ రాసిచ్చారు. రెండింట్లోనూ చెరువు మీద ఒక వాక్యం అక్షరం తేడా లేకుండా వచ్చేసింది. ఆ ఊరి టీ కొట్టాయన కొంటెతనం కొద్దీ రెండు కరపత్రాలూ పక్కపక్కన అంటించాడు. మర్నాడు అభ్యర్థులిద్దరూ, జీవితంలో మొదటిసారి కాబోలు, కలిసి ఒకే మోటారు సైకిలు మీద ప్రెస్సుకి వచ్చారు. మాస్టారు తలెత్తకుండా, “మీ ఊళ్లో ఉన్నది ఒకటే చెరువు కదయ్యా. రెండుంటే రెండు వాక్యాలు రాసేవాణ్ణి” అన్నారు. వాళ్లు కూడా నవ్వేసి వెళ్లిపోయారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా సభలో చప్పట్లు పడతాయి. నేనిది ఆయన్ని పొగడటానికి చెప్పడం లేదు. ఆయన దగ్గర ఆ విద్య నేర్చుకుని నేను చేసిన పని ఒకటుంది. ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు.

నాకు తెలుగు పండితుడిగా ఉద్యోగం వచ్చిన తర్వాత సంగతి. ప్రభుత్వోద్యోగి ఎన్నికల ప్రచారంలో వేలు పెట్టకూడదు. ఆ నిబంధన నాకు తెలుసు. అయినా ఒక పాత స్నేహితుడి మాట కాదనలేక ఒక అభ్యర్థికి కరపత్రం రాసిచ్చాను. పేరుండదు కదా అనే ధైర్యం. వాళ్లు చెప్పిన హామీలు మూడు: రోడ్డు, మంచినీళ్లు, కరెంటు. రాసి చదువుకుంటే వాక్యం కుంటుతోంది. మూడు మాటల మీద ఆగడం లేదు, నాలుగోది అడుగుతోంది. ఆ ఊరి పక్క మురుగు కాలువ ఉందని గుర్తుకొచ్చి ‘వంతెన’ అని వేశాను. వాక్యం నిలబడింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, అభ్యర్థి అసలు చదివినట్టే లేదు. ఆయన గెలిచాడు.

రెండేళ్ల తర్వాత ఏదో పెళ్లికి ఆ ఊరు వెళ్లాను. కాలువ దగ్గర ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు మోకాళ్ల పైకి దోపుకుని, గడ్డి మోపులు నెత్తిన పెట్టుకుని దాటుతున్నారు. ముందు గేదెలు, వెనక వీళ్లు. ఒకామె నన్ను ఎరగదు కాబట్టి చెప్పింది: “వంతెన కడతామని కాయితంలో అచ్చేశారు బాబూ. గెలిచినాక ఇటు మొహం చూపిస్తే ఒట్టు.” ఆ అభ్యర్థిని తిట్టింది, పార్టీని తిట్టింది. నన్ను తిట్టలేదు. తిట్టడానికి నా పేరు ఎక్కడుంది? ఆ మనిషి వంతెన కడతానని నోటితో ఎప్పుడూ అనలేదు. అది నా వాక్యానికి కావలసి వచ్చిన వంతెన. ఆ రోజుతో కరపత్రాలు రాయడం మానేశాను. అదేదో పెద్ద త్యాగం అనుకోకండి, భయం.

పేరుతో బరిలోకి దిగినవాళ్ల దారి వేరు. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో శ్రీశ్రీ కమ్యూనిస్టుల తరఫున ఊరూరా తిరిగారు. ఆ ప్రచారంలోనే అనారోగ్యం పాలై ఆస్పత్రిలో పడ్డారు. 196 స్థానాల్లో ఆ పార్టీకి దక్కినవి 15. అధికారం మనదే అని నమ్మి తిరిగిన కవికి ఆ లెక్క ఎలా తగిలిందో నేను ఊహించగలను గానీ చెప్పలేను. కాళోజీ సత్తుపల్లిలో జలగం వెంగళరావు గారి మీద నిలబడి ఓడిపోయారు. గెలుస్తానని నిలబడలేదు, నిలబడాలి కాబట్టి నిలబడ్డారు. గద్దర్ సంగతి ఇంకో రకం. లక్షల మందిని పాటతో లేపిన ఆ మనిషి తన జీవితంలో మొదటి ఓటు వేసింది 2018 డిసెంబరు 7న, తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో. అప్పటికి డెబ్భై దగ్గర పడ్డారు. ఈ ముగ్గురితో రాజకీయంగా ఎవరికి ఏ పేచీ ఉన్నా, తమ మాట కింద తమ పేరు పెట్టుకున్నారు. దెబ్బ తగిలితే తమకే తగిలింది.

పాటలకి మాత్రం విచిత్రంగా కరపత్రం గతే పడుతుంది. తెలుగోణ్ణి చేయెత్తమనే ఆ పాట మీకందరికీ వచ్చు. మా వీధి మైకుల్లో అన్ని రంగుల జెండాల కిందా విన్నాను. రాసింది వేములపల్లి శ్రీకృష్ణ, కమ్యూనిస్టు నాయకుడు, ఈ గుంటూరు జిల్లా మనిషే. 1952లో ‘పల్లెటూరు’ సినిమాలో ఘంటసాల గొంతుతో వచ్చింది. అందులో హీరో ఎన్టీ రామారావు గారు. మైకు పెట్టిన ఆటో కుర్రాణ్ణి ఆపి రాసిందెవరని అడిగితే, “సినిమా పాటండీ” అన్నాడు. అతని తప్పేం లేదు.

శేషన్ గారు ఎన్నికల కమిషన్‌కి వచ్చాక ప్రచార రాతలు పోయి గోడలు తెల్లబడ్డాయి. గోడల మీద రాసే కుర్రాళ్లలో సగం మంది సైన్‌బోర్డుల పనికి పోయారు, తర్వాత ఫ్లెక్సీలొచ్చి ఆ పనీ పోయింది. డీటీపీ వచ్చాక ‘ఓ’ అయిపోవడం ఆగింది. అప్పట్నుంచి కరపత్రాల్లో ఓటు అనే మాట ఎక్కువైంది, ‘మీ తీర్పు’ తగ్గింది. 2024 ఎన్నికలప్పుడు హైదరాబాదు నుంచి ఎవరో అమ్మాయి ఫోను చేసి, ముప్ఫై సెకన్ల రీలుకి “కొంచెం గుంటూరు యాస ఫీల్ వచ్చేలా” నాలుగు మాటలు రాసిపెడతారా అని అడిగింది. ఏ పార్టీకమ్మా అన్నాను. “అది తర్వాత ఫిక్స్ చేస్తాం సార్” అంది. మాస్టారు బతికుంటే ఆ మాటకి ఎంత సంతోషించేవారో!

ఇంక ఇంట్లో కూర్చుని రాసుకునే రచయిత రోజు ఎలా ఉంటుందో కూడా రెండు ముక్కలు చెప్పాలి. పొద్దున్న ఆరింటికి మైకులు మొదలైతే రాత్రి పదింటికి ఆగుతాయి. ఆ లోపల కథలో ఏ పాత్ర మాట్లాడినా నినాదంలాగే వినిపిస్తుంది. హాళ్లు దొరకవు, సభలకి అనుమతి తెచ్చుకోవాలి, పుస్తకావిష్కరణలు వాయిదా. ఆఫ్‌సెట్ మిషన్లన్నీ మేనిఫెస్టోలకి బుక్కయి ఉంటాయి. 2019లో నా కథల పుస్తకానికి ఒక ప్రెస్సాయన ఎలాగో ఒప్పుకుంటే, 58 వేలు సంచిలో పెట్టుకుని విజయవాడ బయల్దేరాను. 50 వేలు దాటిన నగదుకి కాగితాలుండాలన్న సంగతి ఊరందరికీ పాఠం చెప్పినవాణ్ణి, నేనే మర్చిపోయాను. చెక్‌పోస్టులో ఆపారు. ఎందుకీ డబ్బు అంటే కథలు అచ్చేయడానికి అన్నాను. అక్కడున్న అధికారి నన్ను ఎగాదిగా చూశాడు. ఎన్నికల్లో చాలా కథలు విని ఉంటాడు, ఇలాంటిది వినలేదేమో. డబ్బుకి రసీదు రాస్తున్నంతసేపూ ఒక కానిస్టేబులు సంచిలో రాతప్రతి తీసి, జీపు బానెట్ మీద పెట్టుకుని మొదటి కథ మొత్తం చదివాడు. “చివర్లో ఆవిడ వెళ్లిపోకుండా ఉండాల్సింది సార్” అన్నాడు. ప్రెస్సువాళ్ల ఎస్టిమేటు చూపిస్తే ఐదో రోజున డబ్బు తిరిగిచ్చారు. కథ చివర మార్చలేదు గానీ అతను చెప్పింది సబబే.

అదే ఏడాది నా ఆఖరి ఎన్నికల డ్యూటీ. తెలుగు రచయితల్లో ఎంతమంది బడిపంతుళ్లో లెక్కేసుకుంటే, మన సాహిత్యంలో మంచి పాలు పోలింగు కేంద్రాల్లో దోమల మధ్య పడుకుని లేచినవాళ్లు రాసిందే అని తేలుతుంది. ఏప్రిల్ 10 మధ్యాహ్నం పంపిణీ కేంద్రంలో సామాను లెక్క చూసుకున్నాం. శాసనసభకి ఒక సెట్టు, పార్లమెంటుకి ఒక సెట్టు యంత్రాలు. లక్క, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, దారం, సీళ్లు, 17-ఎ ఓటర్ల రిజిస్టరు, 17-సి ఫారాలు, సిరా సీసాలు. ఆ సిరా మైసూరు నుంచి వస్తుంది, 1962 నుంచీ అక్కడి ప్రభుత్వ కంపెనీదే. బస్సులో ఒళ్లో యంత్రం పెట్టుకుని కూర్చున్నాక, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎవరూ కదలరు.

ఊరి బడిలో దిగి గోడలు తనిఖీ చేశాం. నాయకుల బొమ్మలకి కాగితాలు అంటించాం. మా సహాయ ప్రిసైడింగ్ ఆఫీసరు హాస్యగాడు. “సార్, పైన ఫ్యాను తిరుగుతోంది, బయట గోడకి హెడ్మాస్టరు గారి సైకిలు ఆనించి ఉంది, మీ చేతిలో టీ గ్లాసు. ముందు ఈ గుర్తుల మీద కాగితాలు అంటించాలి” అన్నాడు. ఆ రాత్రి నల్లబల్ల కింద బెంచీలు కలుపుకుని పడుకున్నాం. నిద్ర ఎవరికీ లేదు. ఐదున్నరకి ఏజెంట్ల ముందు మాక్ పోల్, 50 ఓట్లు. ఓటు యంత్రం పక్క డబ్బాలో పడ్డ చీటీలు నల్ల కవర్లో పెట్టి సీలు. ఏడింటికి తలుపు తీసేసరికి లైను రావిచెట్టు దాటింది.

పదకొండు ప్రాంతాల ఒక ముసలామె లోపలికెళ్లి ఎంతకీ రాదు. ఓటు వేసే చోట పెట్టిన అట్ట అడ్డు దాటి నేను వెళ్లకూడదు. రెండు నిమిషాలయ్యాక లోపల్నుంచే పిలిచింది.

“అయ్యా! ఈ అద్దంలో చీటీ కనపడింది. అందులో నా పేరు లేదే?”

“నీ పేరు ఉండదమ్మా. నువ్వు నొక్కిన గుర్తు పడుతుంది, అంతే.”

“మరి నేనే ఏశానని ఎట్టా తెలుద్ది?”

“తెలియకూడదమ్మా.”

ఆమె బయటికొచ్చి నన్ను అనుమానంగా చూసి, రెండో యంత్రం దగ్గరికి వెళ్లింది. ఈసారి తొందరగానే వచ్చింది. ఆ చీటీ ఏడు సెకన్లు కనపడి కింద డబ్బాలో పడిపోతుంది. అందులో పేరు లేకపోవడమే ఆమెకున్న రక్షణ. రేపు ఆమె ఇంటి ముందుకొచ్చి ఎవరికి వేశావని ఎవరూ నిలదీయలేరు. నేనూ మాస్టారూ ఇన్నేళ్లూ వాడుకున్న పేరులేనితనం అలాంటిది కాదు. ఆమె వేసిన ఓటు తాలూకు మంచిచెడ్డలు ఐదేళ్లూ ఆమే అనుభవిస్తుంది. మేం రాసినదాన్ని అనుభవించింది కాలువ దాటిన ఆడవాళ్లు. కాదన్నవాళ్లుంటే సభ తర్వాత మాట్లాడుకుందాం.

ఆరింటికి లైనులో ఉన్నవాళ్లకి చివరి నుంచి చీటీలు పంచాం. చివరి ఓటు పడేసరికి ఎనిమిదీ నలభై. టోటల్ నొక్కితే ఒక యంత్రంలో 764, రెండోదాంట్లో 763. ఒళ్లంతా చెమట. ఆరుగురం రిజిస్టరు మీద పడ్డాం. పదింటికి దొరికింది. ఒక వరసలో మా పోలింగు సిబ్బందిలో ఒకమ్మాయి చక్కటి దస్తూరీతో రాసిపెట్టింది: ‘ఒక ఓటు వేసి, వాంతి వచ్చి వెళ్లిపోయారు.’ ఆ రోజు ఆ బడిలో పుట్టిన అత్యుత్తమ వచనం అదే. నేను ప్రిసైడింగ్ ఆఫీసరు డైరీ నింపాను. రెండు గంటలకోసారి ఎన్ని ఓట్లు, మగవారెందరు, ఆడవారెందరు, ఆటంకాలేమైనా ఉన్నాయా. ముసలామె మాట రాయడానికి ఏ గడీ లేదు. ‘ఆటంకాలు లేవు’ అని రాశాను. యంత్రాలు అప్పజెప్పి ఇల్లు చేరేసరికి తెల్లవారుజామున మూడున్నర.

మధ్యాహ్నం మాస్టారి ఇంటికి వెళ్లాను. వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. చూపు బాగా తగ్గింది.

“ఏం రాశావోయ్ రాత్రంతా?”

“డైరీ మాస్టారూ. ఫారాలు, కవర్లు, సీళ్లు, అన్నిటి మీదా సంతకాలే. చెయ్యి లాగేస్తోంది.”

“నీ పేరుతోనేనా?”

“నా పేరుతోనే.”

ఏమీ అనలేదు. ఎడమ చేతి చూపుడు వేలు కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసుకున్నారు. గోరు మీద నుంచి కణుపు దాకా సిరా గీత, అప్పటికే నల్లబడింది.

“ప్రెస్సులో ముప్ఫై ఏళ్లు, ఇంటికొచ్చే ముందు రోజూ కిరసనాయిలుతో కడుక్కునేవాణ్ణి. గోరులో కూడా మిగలనిచ్చేవాణ్ణి కాదు. ఇది ఎన్నాళ్లుంటుంది?”

“గోరు మీదిది పోవాలంటే గోరు పెరగాలి మాస్టారూ. నెలలు పడుతుంది.”

“పట్టనీ” అన్నారు.